నొప్పిలేని వార్డు

మెడిసిన్‌లో నాకు రెండు సీట్లు వచ్చాయి. అఖిల భారత కోటాలో వచ్చింది రాష్ట్రానికి ఆ చివరనున్న పాత ప్రభుత్వ కాలేజీలో. రాష్ట్ర కోటాలో వచ్చింది చిత్తూరులోని మా ఇంటి నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దగ్గర్లో, కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీలో. ఏదో ఒకదాంట్లోనే చేరాలి.

మా నాయన మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఎవరినీ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. పాలు పోసేవాడు ఎదురుగా నిలబడి ఉండగానే గిన్నెలో వేలు ముంచి చిక్కదనం చూసేవాడు. అలాంటి మనిషి ఈ కొత్త కాలేజీని మాత్రం చూడకుండానే నమ్మేశాడు.

"ఆ దూరం కాలేజీలో గోడలన్నీ పెచ్చులూడిపోయినాయంట. ఈడైతే అంతా కొత్తది. ఆదివారం ఆదివారం ఇంటికి రావచ్చు" అన్నాడు.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. ఇంత త్వరగా నమ్మడం ఆయన స్వభావం కాదు.

"ఒకసారి చూసొద్దాం నాయనా" అన్నాను.

మేం వెళ్ళేసరికి కాలేజీ ఆఫీసులో ఒకాయన, "ఈరోజు వద్దు, ఎల్లుండి రండి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

"సీటొచ్చిన పిల్లప్పా. బస్సెక్కి వచ్చినాము" అని నాయన కుర్చీలో కూర్చున్నాడు. లేచేలా కనిపించకపోయేసరికి ఆఫీసాయన రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయిని పిలిచి, మాకు అన్నీ చూపించమన్నాడు. చూపించమని ఊరుకోలేదు, తానూ మా వెనకే నడిచాడు.

లైబ్రరీ బాగుంది. ల్యాబులు తళతళలాడుతున్నాయి. ఆ అమ్మాయి పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుంటూ పోతోంది. "ఆసుపత్రికి రోజూ జనం వస్తారా అక్కా?" అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి ఆఫీసాయన ముఖం చూసి, "చాలామంది వస్తారు" అంది.

ఆడవాళ్ళ వార్డు నిజంగానే నిండుగా ఉంది. నాయన ముఖం వెలిగింది. "సూడు పాపా, ఒక్క మంచం ఖాళీ లేదు."

నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. మా అవ్వకు బాగాలేనప్పుడు తిరుపతిలో పెద్దాసుపత్రి వార్డు చూశాను. అక్కడ ప్రతి మంచం పక్కనా ఇంటి మనిషి ఒకరు, కింద సంచీ, చెంబు, ఏదో ఒక మూల మూలుగు. ఇక్కడ మంచాల పక్కన ఎవరూ లేరు. మూలుగు లేదు. ఇద్దరు ముగ్గురి జడల్లో తాజా కనకాంబరాలు కూడా ఉన్నాయి.

నడిమి మంచం మీది ఆమె మమ్మల్ని చూసి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నాయన ఆగిపోయాడు. మా వీధి చివర ఇడ్లీలమ్మే ఆమె.

"ఏందమ్మా, ఏమైంది నీకు? నిన్న పొద్దున కూడా ఇడ్లీలు కట్టిచ్చినావే!"

"కడుపునొప్పన్నా" అంది పెద్దగా, ఆఫీసాయన వైపు చూస్తూ.

అంతలో ఆయనకు ఫోన్ వచ్చి వరండాలోకి వెళ్ళాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది. "రేపు ఎవురో పెద్దోళ్ళు కాలేజీని సూసేదానికి వస్తారంట పాపా. బస్సు పంపించి మమ్మల్నందర్నీ తోలుకొచ్చినారు. అన్నం పెట్టి, పోయేటప్పుడు దుడ్లిస్తామన్నారు. అడిగితే కడుపునొప్పి అని చెప్పల్లంట."

"అయితే నీకు ఏ నొప్పీ లేదా అత్తా?"

"మోకాలు నొప్పి ఉండాది. నిలబడి ఇడ్లీలు తియ్యలేకపోతా ఉండా. పొద్దున తెల్లకోటు వేసుకోనొచ్చిన ఆయమ్మకు చెప్పినా. అదొద్దు, కడుపనే చెప్పు అనింది."

మాతో వచ్చిన అమ్మాయి ఇదంతా వింది. బయటికి వచ్చేటప్పుడు నా పక్కగా నడుస్తూ మెల్లగా అంది: "నన్నేమీ అడగొద్దు చెల్లీ. నేనింకా ఇక్కడే చదవాలి."

తిరుగు బస్సులో నాయన, "అన్ని సోట్లా ఇట్లనే ఉంటాదేమో. ఆడ మాత్రం ఇట్ల లేదని ఎట్ల నమ్మేది?" అన్నాడు.

"నమ్మమనడం లేదు నాయనా. అక్కడ ఏముందో నాకూ తెలీదు. ఇక్కడ ఏముందో చూసినాం కదా. మోకాలు నొప్పి అన్నోళ్ళను కడుపునొప్పి అనమని చెప్పేది నేర్చుకోవల్లా నేను?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. అటే చూస్తూ అడిగాడు: "అంత దూరంలో నీకు జరమొస్తే ఎవురు సూస్తారు?"

ఆయన అంత సులువుగా నమ్మింది ఎందుకో అప్పుడు అర్థమైంది. "అది ఆసుపత్రే కదా నాయనా!" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఇంటికి చేరాక అమ్మతో మాత్రం, "పాప ఆ దూరం దాంట్లోనే చేరతాది" అని చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు. ఇడ్లీలామెను ఆ తర్వాత అమ్మే తిరుపతి తీసుకెళ్ళి మోకాలు చూపించింది.

దూరం కాలేజీలో గోడలు నిజంగానే పెచ్చులూడి ఉన్నాయి. హాస్టల్ కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. చేరిన రోజు నాకు కూడా ధైర్యం చాల్లేదు. నాయన నన్ను హాస్టల్లో దించి నేరుగా స్టేషన్‌కు వెళ్ళకుండా, ఆసుపత్రి చూడాలన్నాడు. వార్డులో కాలు పెట్టడానికి చోటు లేదు. ద్వారం దగ్గరి మంచం మీది ముసలామె ముందు వంగి అడిగాడు.

"ఏమవ్వా, నిజంగా నొప్పేనా? ఎవురన్నా తోలుకొచ్చినారా?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏటి బాబూ, సరదాకి తొంగున్నాననుకున్నావేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను సిగ్గుతో ఆయన చొక్కా పట్టుకుని లాగాను. నాయన కదలలేదు. తల ఊపి, పక్క మంచం దగ్గరికి వెళ్ళి అదే ప్రశ్న మళ్ళీ వేశాడు.