పొడి పెట్టెలో తడి దూది

కాలేజీలో అందరూ ఆయన్ని జెర్రి బాబాయ్ అంటారు. కుట్టే మనిషని కాదు, ముప్పై ఏళ్లుగా జంతుశాస్త్రం ల్యాబ్‌లో జెర్రుల్ని సాకే అటెండరని. జెర్రులకున్న మర్యాద తనకు లేదని భార్య దెప్పుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

కొత్తగా వచ్చిన మేడమ్ పన్నెండు జెర్రుల్ని పెట్టెల్లో పెట్టించింది. సగం పెట్టెల్లో తడి స్పాంజి, సగంలో పొడి ఇసుక. రోజూ పొద్దున్నే ఒక్కోదాన్నీ తూచి రాయాలి. జెర్రి చర్మం నీటిని సరిగ్గా ఆపలేదట, ఊపిరి రంధ్రాలు గట్టిగా మూసుకోవట. పొడిగాలి తగిలితే ఒంట్లో నీరు ఆవిరై బరువు తగ్గుతుందట. ఎండబెడితే ఎండుతుందని తెలిశాక మళ్లీ ఎండబెట్టి చూడడమెందుకో బాబాయ్‌కి బోధపడలేదు.

రెండో రోజుకే పొడి పెట్టెల్లోవి మూలకి ముడుచుకున్నాయి. ఆయన మనసు ఒప్పలేదు. సాయంత్రం మేడమ్ వెళ్లగానే తడి దూది ఉండలు పెట్టేవాడు, పొద్దున్నే తీసేసేవాడు. తూకం మాత్రం ఉన్నదున్నట్టే రాసేవాడు. దొంగ అంకె రాయడం ఆయనకి చేతకాదు.

మూడు వారాలకి మేడమ్ ముఖం వెలిగిపోయింది. పొడిలోనూ నీరు పోగొట్టుకోని జెర్రిని కనిపెట్టానని, సోమవారం శాస్త్రవేత్తల సభలో చెబుతానని ఆయన చేతిలో చాక్లెట్ పెట్టింది. ఆయన దాన్ని విప్పకుండానే జేబులో వేసుకున్నాడు. చెబితే ఆమె సంతోషం బూడిదపాలు, చెప్పకపోతే సభలో పరువు గంగపాలు. తూచడానికి తప్ప పెట్టెలు ముట్టుకోవద్దని మేడమ్ మొదటే చెప్పిన మాట నిజమే. కానీ దాహానికి నీళ్లివ్వడం కూడా ముట్టుకోవడం కిందికే వస్తుందా? ఎంత ఆలోచించినా తేలలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఉన్న మాట చెప్పేశాడు.

మేడమ్ చాలాసేపు తూకాల పుస్తకం తిప్పింది. "ఎందుకు పెట్టారు?" అంది.

"దాహమేస్తుందేమోనని, అమ్మా."

తిడితే బాగుండేది. తిట్టలేదు. సభకి రానని కబురు పంపి, పని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. తూచడం ఇంకెవరికైనా అప్పగించనా అని అడిగితే, తానే తూస్తానన్నాడు బాబాయ్. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

మంగళవారం పొడి పెట్టెలోని ఒక జెర్రి బరువు తగ్గింది. బుధవారం ఇంకా తగ్గింది. అంకె రాసి, పుస్తకం మేడమ్ ముందు పెట్టాడు. ఈసారి సరిగ్గా వస్తోందని ఆమె మెచ్చుకుంది. మెప్పుకి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక ఆయన అక్కడే నిలబడ్డాడు.

"ఇంకెన్నాళ్లు తట్టుకుంటుందమ్మా?"

"అదే కదా బాబాయ్, మనం చూస్తున్నది."