సెంటర్ హాఫ్‌కు జమానతు

ఒలింపిక్స్‌కని లండనుకు వెళ్లిన మన ఫుట్‌బాల్ జట్టు రెండు పెనాల్టీలు పోగొట్టుకుని ఓడిపోయిందన్న కబురు నల్లగొండకు చాలా ఆలస్యంగా చేరింది. ఆ ఏడు వానాకాలంలో ఏదీ వేళకు రాలేదు. బస్సులు సరిగ్గా నడవడం లేదు. ఉప్పు దొరకడం లేదు. హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు రజాకార్లు ఏ ఊరికి నిప్పు పెట్టారో, సంఘంవాళ్లు ఏ దొర గడీ మీద పడ్డారో చెప్పి తమ దారిన పోయేవాళ్లు. మేం మాత్రం బస్టాండు పక్క చాయ్ హోటల్లో కూర్చుని జట్టు మేనేజరును తిట్టుకునేవాళ్లం. అప్పటికి మేమింకా నిజాం రాజ్యంలోనే ఉన్నాం, ఆ జట్టు మాదవునో కాదో కూడా తెలియదు. అయినా మనది అనేవాళ్లం. తక్కిన సంగతులు మా చేతుల్లో లేవు. ఇదీ లేదనుకోండి, కానీ దీని గురించి గట్టిగా మాట్లాడితే ఎవరూ పట్టుకుపోరు అని నమ్మకం.

మేం అంటే ముగ్గురం. నేను బట్టల దుకాణంలో గుమాస్తాను. మా మేనమామ బడిపంతులు. మూడోవాడు హోటల్ సేటు, గిరాకీని వదిలేసి మరీ వాదనకు కూర్చునే మనిషి.

"ఉట్టి కాళ్లతోని ఆడుమన్నోడు గూడ మేనేజరేనా? తెల్లదొరలు బూట్లేసుకుని తొక్కుతాంటె సూసుకుంట కూసున్నడు" అనేవాడు సేటు.

"బూట్లేస్తె మనోళ్ల కాళ్లకు బంతి దొరుకతదా? నీకేం ఎరుక సేటూ. ఆట ఆడినోన్ని పెట్టాలె మేనేజరుగ. కుర్చీల కూసునెటోన్ని గాదు" అనేవాడు మామ.

"ఆడినోడు తన ఆట ముచ్చట్లే చెప్తడు పంతులూ, జట్టునేం సూస్తడు?"

ఇలా ఎటూ తేలక, ఎదురుగా ఉన్న కిరాయి సైకిళ్ల కొట్టు వైపు తిరిగి ఇద్దరూ ఒకేసారి కేకేసేవాళ్లు. "భాయ్, జర నువ్వు చెప్పు."

ఆ కొట్టు నడిపే మనిషిని ఊరంతా భాయ్ అనే పిలిచేది. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో నిజాం పోలీసు జట్టుకు, మైదానం నడిమధ్య ఆడే సెంటర్ హాఫ్‌గా ఆడాడు. బంతి బాగా ఆడేవాణ్ని పోలీసులో చేర్చుకున్నట్టు రాసుకుని, జీతమిచ్చి, ఆటకే ఉంచుకోవడం అప్పట్లో మామూలు. లాఠీ పట్టుకుని ఒక్క పూట కూడా నిలబడలేదని భాయే చెప్పేవాడు. మోకాలు పోయింది. మోకాలితోపాటే నౌకరీ పోయింది. భార్య పుట్టిన ఊరని నల్లగొండ చేరి, సైకిళ్లు కిరాయికి ఇస్తూ, పంచర్లు వేస్తూ బతుకుతున్నాడు. మామ సిటీలో చదువుకునేటప్పుడు ఒక్కసారి ఆయన ఆట చూశాడు. ఆ ఒక్కసారితో మా మామ పని అయిపోయింది. పెళ్లి ముచ్చటైనా మరిచిపోతాడేమో కానీ ఆ సాయంత్రం ముచ్చట మరవడు. మా అత్తకు అది విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

భాయ్ ఎన్నడూ తీర్పు చెప్పేవాడు కాదు. "జానేదో పంతులు, పాత ముచ్చట" అని తల అడ్డంగా ఊపి మళ్లీ ట్యూబు మీద వంగేవాడు. మామకు అది ఇంకా నచ్చేది. "సూశినవా, పొగిడితె పడదు" అని నా తొడ మీద చరిచేవాడు.

తరవాత యూనియన్ మిలిటరీ వచ్చింది. చాలామంది ఎదురెళ్లి దండలు వేశారు. మేమూ వెళ్లాం, సంతోషించాం కూడా. అంతవరకు భయపడ్డవాళ్లు బయటికొచ్చారు. భయపెట్టినవాళ్లలో కొందరు పారిపోయారు. ఎటూ కానివాళ్లు దొరికిపోయారు. భాయ్ ఉన్న వాడ నుంచి మగవాళ్లను రజాకార్లన్న అనుమానంతో లారీల్లో ఎక్కించి మామ పనిచేసే బళ్లోనే పెట్టారు. సైకిళ్ల కొట్టు తలుపులు ఎవరో ఊడదీశారు. లోపల ఏమీ మిగలలేదు. నేను దుకాణానికి వెళ్తూ రోజూ దాని ముందు నుంచే నడిచేవాణ్ని. నాకు ఏమీ అనిపించేది కాదు. అనిపించకపోవడమేమిటని కూడా అనిపించలేదు.

ఒక పొద్దున భాయ్ భార్య మా మామ ఇంటికి వచ్చింది. గడప లోపలికి రాలేదు. "అన్నా, ఊరోళ్లు ఇద్దరొచ్చి జమానతు ఇస్తె ఇడుస్తున్నరంట. తను సైకిళ్లోడని చెప్తె సాలని ఆయన కబురంపిండు. గంతె చెప్పుమన్నడు" అంది. మామ అప్పుడే చొక్కా వేసుకున్నాడు. మా మామ పిరికివాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఒక ముస్లిం మనిషి తరఫున సాక్ష్యం చెప్పడానికి చాలామంది ముందుకు రాలేదు. సేటు కూడా హోటలు మూసి వచ్చాడు. నేను వాళ్ల వెంట వెళ్లాను.

బడి వరండాలో మనుషులను వరసగా కూర్చోబెట్టారు. భాయ్ ఆ వరసలో ఉన్నాడు. గడ్డం పెరిగింది, పెదవి పగిలింది. ఆఫీసరు బడి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి. మామకు ఉర్దూ బాగా వచ్చు కాబట్టి మాటలన్నీ అందులోనే నడిచాయి.

సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాణ్నని, ముందుగానీ వెనకగానీ ఇంకేమీ లేదని అంటున్నాడు, నిజమేనా అని ఆఫీసరు అడిగాడు.

నిజమేనన్నాడు మామ. నిజమేనన్నాడు సేటు.

పని అక్కడితో అయిపోయింది. ఆఫీసరు కలం మూసి, పక్కనున్న సిపాయితో, వదిలెయ్, ఎందుకూ కొరగానివాడు అన్నాడు. విసుగ్గా అన్నాడంతే. అందులో కోపం కూడా లేదు. నేను ఊపిరి పీల్చుకుని భాయ్ వైపు చూశాను. ఆయన లేవడానికి అప్పటికే నేలకు చెయ్యి ఆనించాడు.

మామ కదల్లేదు. "కొరగానివాడు కాదు సాబ్" అన్నాడు. "మీకు తెలియదు. ఆయన సెంటర్ హాఫ్."

నేను చొక్కా పట్టి లాగాను. మామ విదిలించుకున్నాడు. భాయ్ మా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపును మామ చూశాడు, నాకు బాగా గుర్తు. చూసి నవ్వాడు. ఆయనకు పొగిడితే పడదని ఆఫీసరుతో కూడా చెప్పాడు.

ఆఫీసరు కుర్చీలో ముందుకు జరిగాడు. ఎక్కడ ఆడేవాడని అడిగాడు. మామ చెప్పబోయేంతలో సేటు అందుకుని, మొదట రైట్ హాఫ్, సెంటర్ హాఫ్‌గా మార్చింది తరవాత వచ్చిన మేనేజరు అన్నాడు. కాదు, మొదటి నుంచీ సెంటరే అని మామ. ఆ మేనేజరుకు బుద్ధి ఉంటే మోకాలు పోయేదాకా ఆడించేవాడు కాదని సేటు. ఆఫీసరు ఒకసారి మామనీ ఒకసారి సేటునీ చూస్తూ, ఆపకుండా వింటూ ఉన్నాడు. మంచి ఆటగాడన్నమాట, ఏ జట్టు అని చివరికి అడిగాడు.

"పోలీసు జట్టు సాబ్" అన్నాడు మామ, గర్వంగా.

ఆఫీసరు కలం మళ్లీ తెరిచాడు. భాయ్ నేల మీద ఆనించిన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నిజాం పోలీసులో జీతం తిన్న సంగతి దాచినందుకు ఆయనను అటునుంచి అటే జైలుకు పంపారు. బంతి ఆడినందుకే ఇచ్చిన జీతమని మామ ఎంత చెప్పినా ఆఫీసరు మళ్లీ తలెత్తలేదు. మా వెనక ఇంకెవరో జమానతు ఇవ్వడానికి వరసలో నిలబడి ఉన్నారు.

ముగ్గురం నడిచి వెనక్కి వచ్చాం. మామ మీద నాకు కోపం రావాలి. రాలేదు. మనిషిని కొరగానివాడంటే ఊరుకోలేకపోయాడు, అంతే కదా అనుకున్నాను. వచ్చి దుకాణం తెరిచి బట్టల తాన్లు చుట్టాను.

భాయ్ భార్య పిల్లలను తీసుకుని జడ్చర్లలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఏడాది దాటాక భాయ్‌ని వదిలారని విన్నాం. ఆ తరవాత చాలా రోజులకు, సైకిళ్ల కొట్టు జాగా ఖాళీ చేసినట్టు యజమానికి చెప్పడానికి ఆయన నల్లగొండ వచ్చాడు. సన్నబడ్డాడు, ఇప్పుడు రెండు కాళ్లతోనూ కుంటుతున్నాడు. సేటు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా బెంచీ మీదే కూర్చోబెట్టి చాయ్ పెట్టాడు.

జట్టుకు మళ్లీ మేనేజరును మారుస్తారని, ఈసారి హైదరాబాదు మనిషినే పెడతారని అప్పుడు వాదన నడుస్తోంది. సేటు అలవాటు కొద్దీ అడిగేశాడు. "భాయ్, జర నువ్వు చెప్పు. ఎవర్ని పెడితె బాగుంటది?"

భాయ్ గ్లాసు కింద పెట్టాడు. మా ముగ్గురి మొహాలూ చూసి, మామ దగ్గర ఆగాడు. "నాకు బంతాట ఎరుకలేదు సార్" అన్నాడు. "నేనెన్నడు ఆడలె."

మామను ఆయన ఎప్పుడూ సార్ అనలేదు. మామ బెంచీ మీద నుంచి లేచాడు. చేతులు రెండూ ముందుకు కట్టుకుని నిలబడ్డాడు.

"నిజమే" అన్నాడు మామ. "సైకిళ్లాయన. ముందుగాని ఎనుకగాని ఇంకేం లేదు."

భాయ్ సరేనన్నట్టు తలూపి, మిగిలిన చాయ్ తాగి, బస్సుకు వెళ్లిపోయాడు.