పొలస ముల్లు బాణాలు

మొన్న పొద్దున స్టూడియో తలుపు తీస్తుంటే మా ఊరు రంభ నుంచి మా నాన్న ఫోన్ చేశాడు. "అత్త ఎల్లిపోనాదమ్మా. నిద్దట్లోనే" అన్నాడు. తీసిన తలుపు మళ్ళీ వేసి, రైలు కోసం స్టేషనుకి నడిచాను.

అత్త మా నాన్నకి అక్క. చిలికా సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని, రైల్లో బరంపురం తెచ్చి అమ్మిన మనిషి. చిన్నప్పుడు ఆమె పక్కన పడుకుంటే ఉప్పుగాలిలో తేలుతున్నట్టుండేది. ఇప్పటికీ సగం నిద్రలో ఆ వాసనే నాకు ఇల్లు.

కిందటేడాది వానాకాలంలో ఆమెకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి దగ్గరని బరంపురం బడా బజార్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. మాట కొంచెం ముద్దగానైనా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఎడం చేత్తో తినమంటే మొహం గోడవైపు తిప్పేసేది. నేను కలిపి నోట్లో పెడితే ఒకటి రెండు ముద్దలు మింగి, "సాలే. సంటిదాన్ని సేసీసినావు నన్ను" అనేది. చూస్తుండగానే చిక్కి సగమైపోయింది.

ఫోటోలు తియ్యడం నా బతుకుతెరువు. తీరిక దొరికితే చిన్నచిన్న బొమ్మలకి రంగులేస్తాను. బొటనవేలంత ఉంటాయి. వనకన్యలు, రెక్కల గుర్రాలు, కొమ్ముల రాక్షసులు. బల్ల మీద పాచికలేసి యుద్ధాలాడుకునే కుర్రాళ్ళు తెప్పించుకుని నాకిస్తారు. ఒక మధ్యాహ్నం విల్లు పట్టిన వనకన్యకి ఆకుపచ్చ అద్దుతుంటే మంచం మీంచి అత్త అడిగింది.

"ఏటే, ఆ గుంట అలగ సూత్తన్నాది?"

"యుద్ధానికి ఎల్తన్నాది అత్తా. బాణాలే దార్లో ఇరిగిపోనాయి."

"బాణాల్నేకుండా ఎలగ పంపేత్తావే ఆడపిల్లని?"

ఆమె గొంతులో నిజమైన కంగారు. ఆ పూట పొలస చేప కూర. నేను ముళ్ళు తీసి పక్కన పెడుతుంటే, ఆమె ఎడం చెయ్యి మెల్లగా వచ్చి సన్నటి ముల్లొకటి పట్టుకుంది. "ఇది పారీకు" అంది.

ముల్లు ఉడికించి ఆరబెట్టాం. సబ్బుముక్కలో గుచ్చితే నిలబడింది. ఆమె మాత్రల అట్ట మీది వెండిరేకు మొన అయింది. కొంగ ఈకలోంచి తీసిన పోచ, జిగురు చుక్కతో తోకకి అంటించాలి. చెయ్యి వణికి ఎన్నో పాడయ్యాయి. "దరిద్రపు సెయ్యి" అని దాన్ని తిట్టి, మంచానికేసి కొట్టింది. కాసేపాగి మళ్ళీ పట్టకారు తీసుకుంది. పోచ అంటించేటప్పుడు ఫ్యాను ఆపించేది. "టికే ఉండు, ఊపిరి తియ్యకు" అని ఒడియా మాట కలిపి కాస్త ఆగమనేది. ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ కాసేపు బయట బజారంతా నీళ్ళడుగుకి వెళ్ళిపోయినట్టు దూరంగా వినబడేది.

మొదటి బాణం ఆ పిల్ల వీపు మీది పొదిలో దిగిన రోజు, అత్త నన్ను కంచం తెమ్మంది. ఎడం చెయ్యి కడుక్కుని, చాలాసేపు దాన్ని చూసుకుంది. అన్నం తనే కలుపుకుంది. నేను చూడనట్టు గిన్నెలు సర్దుతుంటే, "సూడవే, పరవానేదు. బాణాలు సేసిన సెయ్యి. కూడు తింటే తప్పేటి?" అంది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

పొది నిండింది. బొమ్మ తీసుకెళ్ళడానికి ఛత్రపూర్ నుంచి వచ్చిన కుర్రాడు బాణాలు చూసి, "మౌసీ!" అని అత్త మంచం పక్క నేల మీద కూర్చుండిపోయాడు. ఈ పిల్ల ఎవర్ని కొడుతుందని అత్త ఒడియాలో అడిగింది. రాక్షసుణ్ణి అన్నాడు. నా బల్ల మీదున్న ఆ రాక్షసుడి బొమ్మ కూడా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

అతను వెళ్ళాక నాతో మెల్లిగా చెప్పింది. "ఒకదానికి మొన పెట్టనేదే. కొట్టడానికి మనసొప్పకపోతే అదెయ్యొచ్చు."

చలికాలం వచ్చాక, నీళ్ళు కనబడకపోతే నిద్ర పట్టడం లేదని అత్త తిరిగి రంభకి వెళ్ళిపోయింది. వారం వారం నాన్న చేత అగ్గిపెట్టెలో బాణాలు పంపేది. దూది మీద పడుకోబెట్టిన ఆ బాణాలు, ఎవరో కలలో విడిచిపెట్టి నా గుమ్మం దగ్గర రాలిపడ్డట్టుండేవి.

మొన్న నేను వెళ్ళేసరికి ఆమెకి స్నానం చేయిస్తున్నారు. ఎడం బొటనవేలి గోటి మీద జిగురు గట్టిపడి ఉంది. అందులో లకుముకి పిట్ట ఈక నూగు, నీలంగా, చిక్కుకుపోయి ఉంది. పక్కింటామె పసుపు రాసి రుద్దబోయింది. "ఒగ్గీ వదినా" అన్నాను. ఆమె ఒగ్గేసింది.

ఒడ్డు వెంట పాడె మీద తీసుకెళ్తుంటే ఆ చెయ్యి గుడ్డలోంచి కొంచెం బయటికి జారింది. ఎవరూ సర్దలేదు. చిలికా మీంచి గాలి వచ్చినప్పుడల్లా, ఆ వేలి చివర నీలం నూగు లేస్తోంది, ఒరుగుతోంది, మళ్ళీ లేస్తోంది.