గోబర్ గ్యాస్ గొయ్యికి బలి ఎవరు?

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో నేను చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. కంగారు పడకండి, ఇది రాస్తున్నది నేనే, ఇప్పుడే కాఫీ కూడా తాగాను. కానీ ఆ ఊరివాళ్ళ లెక్కలో మాత్రం నేను లేను. నన్ను పొట్టన పెట్టుకున్నది వేరెవరో కాదు, నా నోరే. అదెలా జరిగిందో చెప్తాను, దీపం దగ్గరగా పెట్టుకుని చదవండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేను హైదరాబాదులో పరిశోధన వెలగబెడుతున్నాను. పొగా బొగ్గూ మానేసి ఊళ్ళు శుభ్రమైన ఇంధనానికి మారేటప్పుడు పంచాయతీలు ఏం చేస్తాయి, ఆ మార్పులో బీదవాళ్ళకి అన్యాయం జరగకుండా ఎలా చూస్తాయి అన్నది నా విషయం. మా అమ్మకి అరగంట సేపు వివరిస్తే, "అంటే పొయ్యిల గురించా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడాలోచిస్తే ఆ ముక్కే ప్రొఫెసరు గారికి రాసిచ్చి డిగ్రీ పుచ్చుకోవాల్సింది.

నాదీ కోనసీమే, పుట్టింది కొత్తపేట. "మా భాష నాకొకరు నేర్పాలా సార్?" అని ప్రొఫెసరు గారి ముందు గొప్పలు పోయి, ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోంచి తెలుగులోకి నేనే దింపాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. మాటవరసకి అన్నాననుకునేరు, అసలు గొయ్యి ముందుముందు వస్తుంది.

ఆ ఊరి సర్పంచి రూతమ్మ గారు. రిటైరైన టీచరు. మాట మెత్తన, మనిషి గట్టి. వాళ్ళింట్లోనే నాకు వసారా గది ఇచ్చారు. వచ్చిన రోజునే ఊరి సంగతంతా చెప్పారు.

"మంగాయమ్మ అని, కొబ్బరిచిప్పలు కాల్చి బొగ్గు అమ్ముకునే మనిషమ్మా. ఆ పొగ బళ్ళోకి వచ్చేస్తోందని గొడవయ్యింది. ఈ ఆఖరి గుంట ఆరేక ఇంక కాల్చొద్దన్నాం. వద్దన్నాక ఆ మనిషికి దారి చూపించాలా వద్దా? అందుకని పక్కనే గోబర్ గ్యాస్ ప్లాంటుకి గొయ్యి తవ్వించేను. పేటలో ఇళ్ళకి గ్యాసు, దాని మీద పని మంగాయమ్మకి."

"చాలా బాగుందండీ!"

"ఇంకా అవ్వలేదమ్మా. శుక్రవారం గ్రామసభకి జనం నిండుగా వచ్చి చేతులెత్తాలి. లేపోతే ప్లాంటు వేరే ఊరికి ఇచ్చేస్తామన్నారు మండలం ఆఫీసరు గారు. అదే జరిగితే మంగాయమ్మకి ఇటు బొగ్గూ లేదు, అటు గ్యాసూ లేదు."

"జనం వస్తారంటారా?"

"ఊరందరూ ఆయ్ అన్నారు. ఇంక చెడిపోడానికి ఏముంది?" అని ఆవిడ మర్నాడు పొద్దున్నే పంచాయతీ పని మీద అమలాపురం వెళ్ళిపోయారు. చెడగొట్టేదాన్ని వసారాలో వదిలేసి వెళ్ళారు.

శ్రావణమాసం ముసురు. కొబ్బరితోటల్లో మిట్టమధ్యాహ్నం కూడా మునిమాపులా ఉంది. తోట చివర మంగాయమ్మ బొగ్గు గుంట మట్టి కప్పుకుని లోలోపల రగులుతోంది. మంట కనపడదు, నేలలోంచి పొగ మాత్రం లేచి, పైకి పోలేక చెట్ల మొదళ్ళ మధ్యే తిరుగుతోంది. దాని పక్కన కొత్తగా తవ్విన గుండ్రటి గొయ్యి. తొంగి చూస్తే అడుగున నల్లటి నీళ్ళు. పొయ్యిల గురించి రాసుకోవడానికి వచ్చినదాన్ని, అక్కడ ఎక్కువసేపు నిలబడాలనిపించక గబగబా ఊళ్ళోకి నడిచాను.

ముందు వీర్రాజు గారి దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో పెద్ద రైతు, పశువులెక్కువ, ప్లాంటుకి పేడ ఎక్కువగా రావాల్సింది ఆయన కొట్టంలోంచే. అరుగు మీద చుట్ట కాల్చుకుంటున్నారు.

"మీ ఇంట్లో ఏ శక్తి వాడుతున్నారండీ?"

ఆయన చుట్ట తీసి పక్కన పెట్టారు. "శక్తా అండి?"

"ఆయ్. పాత శక్తా, కొత్త శక్తా?"

"మా ఇంటావంటా అలాటియ్యి లేవండి బాబూ!" అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మా నాయనమ్మ గారి రోజుల్లో ఏదో ఉండేదంటారు. ఆవిడతోనే పోయిందండి."

"అంటే పాత శక్తిని పూర్తిగా వదిలేశారన్నమాట."

"మనం వదిలేం సరేనండి. అది వదిలిందో లేదో ఎలా తెలుత్తాది?"

ఎంత లోతైన మనిషి అని మురిసిపోయి పక్కింటికి నడిచాను. అక్కడొక పెద్దావిడ బియ్యం చెరుగుతోంది.

"ఈమధ్య మీ ఇంట్లో గాలి ఏమైనా తేడాగా ఉందా అమ్మా?"

చేట ఆగిపోయింది. "మీకెవరు చెప్పేరండి?"

"ఒకరు చెప్పాలా? వీధిలోకి రాగానే తెలిసిపోయింది."

"మా కోడలికేనండి. పుట్టింటి నుంచి వచ్చిన కాణ్ణుంచీ ఉలుకూ పలుకూ లేదు. అటే చూత్తా కూచుంటాది." ఆవిడ చెయ్యి తోట చివర పొగ వైపు చూపించింది. "గాలి అట్నుంచే వత్తాందండి."

"అటునుంచేనని నాకూ అనుమానంగానే ఉందమ్మా."

తలుపు వారగా ఆ కోడలు నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. రెప్ప వెయ్యలేదు. చూసి చూసి, నెమ్మదిగా నవ్వింది. 'పొగ వల్ల కళ్ళ జబ్బు' అని రాసుకుని బయటపడ్డాను.

పాఠకులారా, గాలి సోకడం అంటే ఏమిటో మీకు తెలుసు. కొత్తపేట పిల్లనైన నాకూ తెలుసు. కానీ ఆ రోజు నా బుర్ర హైదరాబాదులో ఉంది, నోరు మాత్రమే కోనసీమలో ఉంది.

ఇంక ఆఖరి ప్రశ్న. నాకు అన్నిటికంటే ముద్దొచ్చిన ప్రశ్న. "ఈ మార్పులో ఎవరు బలవుతారని మీ అభిప్రాయం?"

దీన్ని మొదట చెరువు గట్టు మీద చేపల వలలు ఆరేస్తున్న నలుగురైదుగుర్ని అడిగాను. వలలు చేతుల్లోనే ఉండిపోయాయి.

"ఆ తోట చివర కొత్త గొయ్యికా అండి?"

"దానికేనండీ."

"బలి తప్పదంటారా?"

"ఎక్కడైనా అంతేనండీ. పెద్ద పని జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు బలవుతూనే ఉంటారు. ఎవరన్నది ఊరే ముందుగా కూర్చుని ఆలోచించుకోవాలి. అదే న్యాయం."

"ఎప్పట్లోగా అండి?"

"శుక్రవారం గ్రామసభలోగా."

మా వైపు వంతెన కట్టినా లాకులు కట్టినా అడుగున మనిషిని వేస్తేగాని నిలబడదని చిన్నప్పుడు ప్రతి ఇంట్లో చెప్పిన భయమే. "వీధిలో తిరిగావంటే బ్రిడ్జీకి ఎత్తుకుపోతారు" అని భయపెట్టి మా అమ్మ నన్ను మధ్యాహ్నాలు పడుకోబెట్టేది. ఆ మాట అప్పుడు గుర్తొస్తే నా పాపం కొంతైనా తగ్గేది.

ఇంటింటికీ అదే అడిగాను. ఇంటింటా ఒకటే జవాబు. "ఇంకెవరండి, మంగాయమ్మే. గుంట పక్కనుండేది అదే కదండి." చెప్పేటప్పుడు ఆడవాళ్ళ కళ్ళలో నీళ్ళు. బీదవాళ్ళ మీద ఈ ఊరికెంత కనికరం అని నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ సాయంత్రం నుంచి ఊరు మారిపోయింది. నేను వీధిలోకి వస్తే తలుపులు పడేవి, పిల్లలు లోపలికి వెళ్ళిపోయేవారు. గుమ్మాలకి వేపమండలు వేలాడాయి. నేను నడిచిన చోట వెనకాలే ఎవరో పసుపునీళ్ళు చల్లేవారు. కుక్కలు కూడా మొరగడం మానేసి దూరంగా జరిగేవి. మర్నాడు నా గది గుమ్మం ముందు కుంకుమ పూసిన నిమ్మకాయ ఒకటి ఉంది. అతిథి మర్యాదలో కోనసీమ తర్వాతే ఎవరైనా అనుకుని, కడిగి, పంచదార వేసి, వసారాలో నిలబడి షర్బత్ చేసుకు తాగాను. మంచినీళ్ళు తీసుకెళ్తున్న ఒకావిడ అది చూసి బిందె వదిలేసి పరుగెత్తింది.

శుక్రవారం వచ్చింది. బడి ముందు బల్లలు వేశారు. ఆకాశం నల్లగా కిందికి దిగింది. అప్పుడే అమలాపురం నుంచి దిగిన రూతమ్మ గారూ నేనూ తప్ప పురుగు లేదు.

"ఇదేంటమ్మా, ఒక్కరూ రాలేదు? ఆఫీసరు గారు వచ్చే వేళయ్యింది." ఆవిడ ఖాళీ బల్లల్ని లెక్కపెడుతున్నారు. "సభ పోతే మంగాయమ్మకి నా మొహం ఎలా చూపించను?"

"నేను పిలుచుకొస్తానుండండి" అని బయలుదేరాను.

వీధంతా తాళాలు. ఒక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు. దూరంగా తోటలోంచి సన్నగా గొణుగుడు వినిపిస్తోంది, చాలామంది ఒకేసారి ఏదో అనుకుంటున్నట్టు. కాళ్ళు వద్దంటున్నా అటే వెళ్ళాను.

ఊరు ఊరంతా అక్కడుంది. పొగలో, చినుకుల్లో, గొయ్యి చుట్టూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే గొణుగుడు ఆగిపోయి, జనం రెండుగా విడిపోయి దారిచ్చారు. గొయ్యి అంచున పసుపు రాసిన పీట. పీట పక్కన తలారా స్నానం చేసి జుట్టు విరబోసుకుని మంగాయమ్మ. ఆమె చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి.

"రండమ్మా" అన్నారు వీర్రాజు గారు ఎంతో మర్యాదగా. "మీ కోసమే చూత్తన్నాం. కూచోండి."

"ఎం... ఎందుకండీ?"

"మీరు చెప్పినట్టే ఊరంతా న్యాయంగా ఆలోచించేమండి. మంగాయమ్మని ఇవ్వలేమండి. బొగ్గు మానిపించి, బతుకు మానిపించి, ఆకర్న పేణం కూడా తీసుకుంటే ఇంక మనం మనుషులమేంటండి?"

"ఇవ్వడమేమిటండీ?"

"బలండి. మీరే అడిగేరు కదండి ఇంటింటా!"

అప్పుడు తెలిసింది నాకు. శక్తి, గాలి, బలి, నిమ్మకాయ, అన్నీ ఒక్కసారే తెలిశాయి. నోరు తెరిచి "అది కాదండీ" అనేలోపే ఆయన అందుకున్నారు.

"అందుకనండి," వీర్రాజు గారు చేతులు నలుపుకున్నారు, "ఏమీ అనుకోకండి. మంగాయమ్మ బదులుగా..."

మంగాయమ్మ కత్తి పట్టుకుని లేచింది. ఆ బియ్యం చెరిగినావిడ కోడలు జనంలోంచి నన్ను చూసి మళ్ళీ నెమ్మదిగా నవ్వింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను. వెనక నేల లేదు.

బురదా, పేడా, వాననీళ్ళూ. నడుం లోతు. పైన గుండ్రటి ఆకాశం, దాని అంచు చుట్టూ తలకాయలు.

"అయ్యయ్యో! ఆవిడ చేత గుమ్మడికాయ కొట్టించుకుందామని పిలిత్తే ఆవిడే దిగిపోయేరండీ!" అని వీర్రాజు గారి గొంతు.

"ఆరంతట ఆరే ఎల్లిపోయేరండి! ఎంత మంచి మనిషండి!" అని మంగాయమ్మ బావురుమంది.

ఊరంతా ఒక్కసారిగా చేతులు తలపైకెత్తి గొయ్యికి దండం పెట్టింది. సరిగ్గా అప్పుడే రూతమ్మ గారు ఆఫీసరు గారిని వెంటబెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన చూసింది ఎత్తిన చేతుల్నే.

"సభ ఇక్కడ పెట్టారా? చేతులు కూడా ఎత్తేశారే! అయితే ప్లాంటు ఏకగ్రీవమేనా?"

"ఆయ్" అంది ఊరు.

అలా తీర్మానం పాసైంది. కోకలు ముడేసి నన్ను పైకి లాగారు. తల నుంచి కాలి దాకా నల్లగా, నోరు తెరిస్తే పేడ. ఒక్కరూ దగ్గరికి రాలేదు. అలాగే రూతమ్మ గారింటికి నడిచి, స్నానం చేసి, విషయం చెప్పి, మొహం చెల్లక పెరటి దారిన బస్సెక్కేశాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "తెలుగు టీచర్నమ్మా నేను. ఆ ప్రశ్నలు ఒక్కమాటు నాకు చూపించాల్సింది" అన్నారంతే.

కొన్నేళ్ళకి పరిశోధన పూర్తయి, మిఠాయి పొట్లం పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఊరి మొదట్లో సైకిలు మీద వస్తున్నాయన నన్ను చూసి, సైకిలు కాలవలోకి వదిలేసి తోటల్లో పడి పారిపోయాడు. తోట చివర బొగ్గు గుంట లేదు, పొగ లేదు. గొయ్యి ఉన్నచోట నున్నటి గ్యాసు డోము, దాని చుట్టూ బంతిపూలు. మంగాయమ్మ గమేళాలో పేడ కలుపుతోంది. నన్ను చూసి గబుక్కున చెట్టు చాటుకి లాగింది.

"ఎవరైనా చూసేరా అండి?"

"ఒకాయన చూశాడు. ఏమైంది మంగాయమ్మా?"

"ఆ రోజు పైకొచ్చింది మీరు కాదంటండి. నల్లగా ఇంకేదో వచ్చి ఎల్లిపోయిందంట. మీరు లోపలే ఉండిపోయేరంట."

డోము లోపల గుడగుడమని చప్పుడైంది. నేను ఉలిక్కిపడ్డాను.

"అదిగోండి. అలా అన్నప్పుడల్లా, అమ్మాయిగారు ప్రశ్నలడుగుతున్నారంటారండి. జవాబుగా పేడ ఎయ్యాలంట. వీర్రాజు గారు అందరికంటే ముందు పంపుతారు. చుట్టుపక్కల ఊళ్ళల్లో పేడ ఎవరూ తేక ప్లాంట్లన్నీ మూలపడ్డాయండి. మాదొక్కటే ఆగలేదు." నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. "మీరు బతికున్నట్టు తెలిసిందంటే రేపట్నుంచి ఎవరూ తేరండి. నా పని పోద్ది. మీకు పుణ్యముంటాది, ఇంకెప్పుడూ కనపడకండమ్మా."

మిఠాయి ఆమెకిచ్చి, తలనిండా కొంగు కప్పుకుని, కాలవ గట్టున వంగి వంగి బస్సు దాకా వచ్చాను. వెనకాల డోము ఇంకా గుడగుడలాడుతూనే ఉంది. నిజం చెప్పొద్దూ, వింటుంటే గొంతు నాదిలాగే అనిపించింది.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవర్నీ ఎవరు బలవుతారని అడగను, గుమ్మంలో దొరికిన నిమ్మకాయ తాగను. ఆ ఊళ్ళో మళ్ళీ అడుగు పెట్టాల్సి వస్తే, ముందు నిజంగా చచ్చిపోయి మరీ వెళ్తాను.