బొండం వద్దు, చేయి చాపు

పెరట్లో కత్తి పడిన చప్పుడు వినిపిస్తే చాలు, కొబ్బరిబొండం తల ఎగిరిందని వంటింట్లోంచే చెప్పేస్తాను. ఆ వెనకే పచ్చిపీచు వాసన గుమ్మం దాటి లోపలికి వస్తుంది. మా ఉద్దానంలో ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ చప్పుడు, తర్వాతే మాటలు. ఈ ఉదయం కూడా మా ఆయన కామేశు ఎవరికోసమో బొండాలు కొడుతున్నాడు. ఆ వాసన తగిలితే నాకు మాత్రం డాక్టర్ సత్యవతిగారి కేక గుర్తొస్తుంది. "ఎవుడ్రా అక్కడ, నా పేషెంటుకి బొండం కొడతన్నాడు?"

ఆవిడ మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, నేను నర్సుని. టెక్కలిలో పుట్టి పెరిగిన మనిషి. పై అధికారులతో పుస్తకంలా మాట్లాడేది, ఊళ్ళోవాళ్ళతో మాకంటే మోటుగా మాట్లాడేది. కోపం ముక్కు మీదే ఉండేది. మధ్యాహ్నం దాకా రోగుల్ని చూసేది, ఆ తర్వాత కుర్చీలో ఉంటే ముళ్ళ మీద ఉన్నట్టే. నన్ను వెంటేసుకుని జీడితోటలకో, కోటబొమ్మాళి సంతకో బయల్దేరేది. "వొచ్చినోడికి మందు ఎవులైనా ఇత్తారే. ఆడు మంచాన పడకుండా సూడ్డమే మన ఉజ్జోగం," అనేది. మా వైపు కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. మొదట్లో అది నొప్పీ పెట్టదు, జ్వరమూ తేదు. ముందుగా పట్టుకుంటే చాలాకాలం అదుపులో ఉంచవచ్చు. కానీ రక్తపరీక్ష అంటేనే మా జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయేవారు. శిబిరం పెడితే అప్పటికే జబ్బు ముదిరినవాళ్ళు వచ్చేవారు, కాయకష్టం చేసే మగవాళ్ళు ఆ వీధి వైపే వచ్చేవారు కాదు.

అలాంటి రోజుల్లో మా సింహాచలం మావ మంచానపడ్డాడు. ఆయన మా అమ్మకి అన్న, నాకు మామగారు కూడా. మాది మేనరికం. రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళి తెచ్చేవాళ్ళం. మావ అంటే ఊరందరికీ ప్రాణం. రోగిని చూడ్డానికి ఖాళీ చేతులతో రావడం మా దగ్గర మర్యాద కాదు, అందులోనూ కొబ్బరితోటల సీమ. వచ్చిన ప్రతివాడూ తన చెట్టు బొండాలే తెచ్చి, దగ్గరుండి తాగించి వెళ్ళేవాడు. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆ నీళ్ళు అమృతమే. పాడైన కిడ్నీ మాత్రం వాటిలోని పొటాషియాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుంటే గుండె తడబడుతుంది. ఈ మాట నేను నోరు నొప్పెట్టేలా చెప్పాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇంటి కోడలు చెప్పే వైద్యం ఎవరు వింటారు? "బొండం నీల్లకేటవుతాదే, ఒగ్గేయ్," అని మా అత్త నన్నే కసిరేది.

ఒక మధ్యాహ్నం నేను భయపడ్డట్టే గుండె తడబడి, మావ ఊపిరందక ఒరిగిపోయాడు. ఆటోలో పలాస చేర్చేసరికి మా ప్రాణాలు కూడా పోయినట్టే అయ్యాయి. ఎలాగో బతికాడు. ఇంటికి తెచ్చాక డాక్టరమ్మ చూడ్డానికి వచ్చింది. మంచం కింద అప్పటికే కొత్త బొండాలు చేరి ఉన్నాయి. ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. ఆవిడ మాత్రం మంచం పట్టె మీద కూర్చుని మావ చేయి పట్టుకుంది.

"ఆల్లనేటీ అనకమ్మా," అన్నాడు మావ. "పేమతో తెత్తన్నారు. వొద్దంటే ఆల్ల మొగం సూళ్ళేను."

"పేమ ఆపమన్లేదు మావా. ఆ పేమతో ఇంకో పని సేయిద్దాం," అంది. తర్వాత నా వైపు తిరిగి, "మనం శిబిరం పెడితే పట్టుమని పదిమంది రారు. ఊరంతా ఈయన మంచం సుట్టే ఉంది కదే, మనకి కళ్ళు లేవేటి?" అంది.

మర్నాటినుంచి మా అరుగు మీద ఒక బల్ల, రక్తపోటు చూసే పరికరం, రక్తం తీయడానికి ఆస్పత్రి మనిషి. అడిగే పని మావది. మొదట వచ్చిన పాత స్నేహితుడితోనే అన్నాడు: "బొండం వొద్దురా, ఎనక్కట్టుకెల్లిపో. నన్ను సూడ్డానికే వొచ్చినావు కదా, ఆ అరుగు మీద సెయ్యి సాపి ఎల్లు. అదే నాకు పలకరింపు." ఆ మనిషి నీళ్ళు నమిలాడు. కానీ చావు అంచుదాకా వెళ్ళొచ్చినవాడు నోరు తెరిచి అడిగితే కాదనడం ఎలా? ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక మగవాళ్ళు వచ్చారు. కొందరు సందు మొదట్లోనే అరుగుని చూసి వెనక్కి తిరిగిపోయారనుకోండి. ఇల్లు సంతయిపోయిందని అత్త సణుగుతూనే అందరికీ టీ పెట్టేది.

ఇంట్లోనే ఉండి రానివాడు ఒక్కడే, నా మొగుడు. అరుగు తప్పించుకుని పెరటిదారిన ఇంట్లోకి వచ్చేవాడు. నేను బతిమాలితే, "తెలిసినాకేటి సేత్తావు? మా అయ్య తెలుసుకునే కదా మంచమెక్కినాడు," అనేవాడు. మంచమెక్కాకే తెలిసింది బావా అంటే వినేవాడు కాదు. నాకు రాత్రీ పగలూ అదే దిగులు. డాక్టరమ్మ ముందు ఏడ్చాను, మీరైనా నాలుగు తిట్టండి అన్నాను. "నాను తిడితే ఆడు నామీద గెలుత్తాడు. ఆడు గెలవాల్సింది బయం మీద. ఒగ్గేయ్, మీ మావ ఉన్నాడు," అంది. తిట్టడం అంత తేలిగ్గా వచ్చే మనిషికి, ఎక్కడ తిట్టకూడదో కూడా తెలిసి ఉండేది.

ఒక పొద్దున్న కామేశు ఎప్పటిలాగే మంచం దగ్గరికి వెళ్ళి, "ఎలాగుందయ్యా?" అన్నాడు. మావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఊరంతా నన్ను పలకరించిందిరా. నువ్వే ఇంకా పలకరించలేదు."

"రోజూ అడగతన్నాను కదయ్యా!"

"నోటితో అడగతన్నావు."

కామేశు వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చేయి చాపాడు.

ఫలితం వచ్చింది. జబ్బు మొదలైంది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. డాక్టరమ్మ కాగితం చూసి, "ఎందుకే ఆ ఏడుపు? ఇది సెడ్డ కబురు కాదు, బేగి వొచ్చిన కబురు," అని కసిరింది. రక్తపోటు మాత్రలు మొదలుపెట్టించింది, ఒళ్ళునొప్పులకి కొట్లో కొని మింగే బిళ్ళలు మాన్పించింది, క్రమంగా పరీక్షలు చేయించింది. ఆ వానాకాలం దాటాక మావ పోయాడు. కొడుకు జబ్బు వేళకి దొరికిందని తెలిసి పోయాడు. ఆ ఒక్క ఊరట ఇచ్చినందుకు ఆవిడకి నేను ఎన్ని జన్మలెత్తినా రుణపడే ఉంటాను.

తర్వాత ఆవిడ జిల్లాలో పెద్ద పదవికి వెళ్ళింది. ఏ ఊళ్ళో మనిషి మంచానపడినా ఆ ఇంటి అరుగు మీద బల్ల వేయించడం వదల్లేదు. ఈ కార్యక్రమానికి ఏం పేరు పెడదామని అధికారులు అడిగితే, "పేరెందుకండీ, పలకరింపు అంటే చాలదా?" అందట.

రిటైరయ్యాక టెక్కలిలో ఆవిడకి క్యాన్సర్ అని తెలిసి ఇద్దరం వెళ్ళాం. కామేశు భయపడుతూనే బొండాలు పట్టుకొచ్చాడు. ఆవిడ చూసి నవ్వింది. "నా కిడ్నీలకేటిరా, రాయిలాగున్నాయి. కొట్టు!" ఇష్టంగా తాగి, మూతి తుడుచుకుని, తలగడ పక్కనుంచి రక్తపోటు పరికరం తీసింది. "ఇప్పుడు సెయ్యి సాపు."

ఆవిడని చూడడం అదే ఆఖరు. పోయిన కబురు విని వెళ్ళాం, సాగనంపి వచ్చాం. స్నానాలయ్యాక కామేశు చాలాసేపు అరుగు మీద ఒంటరిగా కూర్చున్నాడు. ఏమైనా తిను బావా అని దగ్గరికి వెళ్ళాను. చొక్కా చేయి పైకి మడిచి, నా ముందు చేయి చాపాడు.