విజయ పక్కన నిలబడిన మనిషి

చిన్న సంగతే, టీ ఆరకముందే చెప్పేస్తాను. మొన్నామధ్య తమిళనాట మా చోళపురం బస్టాప్ దగ్గర నావల్ల ఒక మనిషి పుట్టినాడు. పెద్దమనిషిగానే పుట్టినాడు, మీసంతో సహా!

టీ అంటే గుర్తొచ్చింది. మా కందసామి టీకొట్టులో ఇప్పుడు టీ బాగుండదు. ఆయనకు ఫోన్ లేనప్పుడు బాగుండేది. ఇప్పుడు ఒక చేత్తో వీడియో పట్టుకొని ఇంకో చేత్తో చక్కెర వేస్తాడు. వీడియోలో నవ్వొస్తే చక్కెర ఎక్కువ పడుతుంది. మా వీధి పాపమ్మ అత్తకు షుగర్ ఉంది. ఆ కొట్టు వైపే పోనని డాక్టరుకు మాట ఇచ్చి వచ్చింది. కొట్టులో కూర్చొనే ఆ సంగతి అందరికీ చెప్పింది.

సరే, విషయానికి వస్తాను. మా పక్కింటి విజయ కూతురికి చెవులు కుట్టే పండగ వచ్చింది. మా వైపు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చుంటేనే కంసాలి ఆచారి సూది తీస్తాడు. లేకుంటే లోకం ఏదో ఒకటి అంటుంది. లోకం అంటే పాపమ్మ అత్తే.

విజయకు ఒక్కడే అన్న, గురుసామి. రాజపాళయం మిల్లులో సూపర్‌వైజర్. విజయ కొత్తింట్లో పాలు పొంగించినప్పుడు పిలుపు పత్రికలో ఆయన పేరు ముందు ఇనిషియల్ పడలేదు. "ఇనిషియల్ లేని గురుసామి ఎవడైనా కావచ్చు, వాడినే పిలుచుకోండి!" అని, ఆ రోజు గ్రూప్ ఫోటో తీసేటప్పుడు చెల్లెలి పక్కనుంచి తప్పుకొని బైకెక్కి పోయినాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"అక్కా, నా బిడ్డ ఎవరి ఒళ్ళో కూర్చుంటుంది?" అని విజయ నా దగ్గర ఏడ్చింది.

"ఏడవద్దు. నేను ఫ్లెక్స్ చేయిస్తాను" అన్నాను.

ఏడుపుకూ ఫ్లెక్సుకూ ఏం సంబంధం అని అడగొద్దు. మా పక్క ఫ్లెక్సులో మొహం పెద్దగా పడితే మనిషి జ్వరంతోనైనా వస్తాడు. పడకపోతే పక్కింట్లో ఉన్నా రాడు. కాకపోతే గురుసామి ఫోటోను అడగకుండా వేస్తే చింపేస్తాడని విజయకు భయం. "ఆయన ఫోటో వద్దు. 'మేనమామ గారూ, రండి' అని పెద్ద అక్షరాలు వేద్దాం. చదివి కరిగిపోతాడు" అన్నాను. నాకు అన్నీ తెలుసు కదా!

నా ఫోన్‌లో ఏఐ ఉంది. మన తెలుగు దానికి అర్థం కాదు, దాని తెలుగు నాకు అర్థం కాదు. అందుకని మేమిద్దరం తమిళంలో మాట్లాడుకుంటాం. ఫ్లెక్సులో వేయడానికి ఆ పాలు పొంగించిన రోజు ఫోటో దానికి ఇచ్చినాను. విజయ పక్కన గురుసామి వదిలిపోయిన ఖాళీ ఉంది కదా, "ఇది చూడ్డానికి బాగాలేదు, సరిచెయ్యి" అన్నాను. జనాన్ని దగ్గరికి జరుపుతుందని నేను అనుకున్నాను. "సరిచేసినాను" అంది. ఎంత మర్యాద! మా ఇంట్లో ఎవరికైనా పని చెప్తే ముందు ఎందుకని అడుగుతారు. కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి. లేచి తెచ్చుకోవడం దేనికని అట్లాగే రాజపాళయం ఫ్లెక్స్ షాపుకు పంపించేసినాను.

బస్టాప్ దగ్గర కట్టిన తరవాత కళ్ళద్దాలు పెట్టుకొని పోయి చూస్తే, విజయ పక్కన ఒక పెద్దమనిషి! తెల్లచొక్కా, నుదుట విభూతి, చేతికి బంగారు వాచీ, దువ్విన మీసం. షాపువాళ్ళు 'మేనమామ గారూ, రండి' అనేది సరిగ్గా ఆయన కిందే వేసినారు.

కందసామి కొట్టులోంచి తల బయటపెట్టినాడు. "అక్కా, ఈయన ఎవరు?"

"తెలీదు" అనే మాట నేను ఈ ఊర్లో ఎప్పుడూ అనలేదు. అయినా ధైర్యం చేసి, "అది ఏం లేదు కందసామీ, ఈ ఫోన్ ఉంది కదా..." అని మొదలుపెట్టినాను. పాపమ్మ అత్త అడ్డొచ్చింది.

"ఇది కూడా తెలీదా? కోవిల్‌పట్టి ఆయన! విజయ తాతకు తమ్ముడి మనవడు. విజయకు అన్న వరస. నా పెండ్లిలో వడ్డించినాడు."

"నీ పెండ్లిలోనా? ఈయనకు అంత వయసుండదే!"

"అప్పుడు చిన్నపిల్లోడు. చిన్న గిన్నెతో వడ్డించినాడు."

"ఆఁ, అవునవును! రిటైర్డ్ తాసిల్దారు. మోకాలి నొప్పి మనిషి" అన్నాడు కందసామి. "నా కొట్టుకు కూడా వచ్చినాడు. మంచి టీ అన్నాడు."

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఆ టీని మంచిదన్నవాడు భూమ్మీద ఉండడు.

ఫోన్ ఒక మొహం పెట్టి వదిలేసింది. మా వీధి దానికి ఊరు, ఉద్యోగం, మోకాలి నొప్పి కూడా ఇచ్చింది. నేను మాత్రం "ఆఁ" అన్నాను. అంతే.

విజయకు మాత్రం నిజం చెప్పినాను. అది తల పట్టుకునింది. "అన్న చూస్తే ఇంక జన్మలో రాడు అక్కా! వెంటనే విప్పించు!" విప్పించడానికి నేను లేచేలోపే బైకు చప్పుడు. గురుసామి! నేరుగా నా వాకిట్లోకే వచ్చినాడు.

"అక్కా, ఎవడు వాడు?"

"ఎవరు తమ్ముడా?"

"నా జాగాలో నిలబడినాడే, ఆ మీసం!"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గోడ అవతల విజయ బిడ్డను చంకనేసుకొని నిలబడి ఉంది. నా నాలుక సంగతి తెలుసు కదా, వేరే దారి పట్టింది.

"ఎవరైతే నీకేం? నువ్వు రానంటివి. బిడ్డకు ఒక ఒడి కావాలి కదా! పాపం, మోకాలి నొప్పితో కోవిల్‌పట్టి నుంచి వస్తున్నాడు."

"సీరు ఏం తెస్తున్నాడంట?" సీరు అంటే మేనమామ తెచ్చే కానుకలు.

"నాకేం తెలుసు? పెద్దగానే అంటున్నారు."

గురుసామి బైకు కిక్కు కొట్టిన కొట్టుకు నా కోడి ఎగిరి గోడమీద పడింది.

పండగ రోజు తెల్లారీ తెల్లారకముందే వీధి చివర మేళం! ముందు గురుసామి, వెనక ఆయన పెండ్లాం, ఆ వెనక తట్టలు. పండ్లు, పట్టుపావడ, కమ్మలు. విజయ ఇంకా తల కూడా దువ్వుకోలేదు. గురుసామి ఎవరితోనూ మాట్లాడకుండా పోయి చాపమీద కూర్చున్నాడు. కాఫీకి లేవమంటే లేవలేదు. బస్టాప్‌లో బస్సు ఆగిన ప్రతిసారీ బిడ్డను గట్టిగా పట్టుకున్నాడు.

ఆచారి వచ్చినాడు, కుట్టినాడు. బిడ్డ ఏడవలేదు. గురుసామి ఏడ్చినాడు. విజయ కొంగుతో ఆయన కళ్ళు తుడిచి, తానూ ఏడ్చింది. ఇనిషియల్ మాట ఎవరూ ఎత్తలేదు.

అది చూసి నాకు మనసు కరిగింది. భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పేసినాను. "తమ్ముడా, కోవిల్‌పట్టి ఆయన ఎవరూ లేరు. అది ఫోన్ వేసిన బొమ్మ. తప్పు నాదే."

ఎవరూ నమ్మలేదు! ఇన్నేళ్ళుగా నేను చెప్పినవన్నీ నమ్మినారు, ఈ ఒక్కటి నమ్మలేదు.

"ఏం మాటే అది!" అని పాపమ్మ అత్త చేతిలో అప్పడం విరిచింది. "ఇప్పుడే కదా నా పక్కన కూర్చొని తిన్నాడు! గురుసామిని చూసి, గొడవెందుకని వెనకవైపు నుంచి పోయినాడు."

"నేనే బస్సెక్కించినాను" అన్నాడు కందసామి.

గురుసామి నా వైపు చూసి తల ఊపినాడు. "నీ నోటికి అడ్డమే లేదు అక్కా. బతికున్న మనిషిని లేడంటావా?"

విజయ నవ్వు ఆపుకోలేక పాయసం గిన్నె అక్కడే పెట్టి లోపలికి పోయింది.

నిన్న గురుసామి తన కొడుకు పెండ్లికి ఫ్లెక్స్ కట్టించినాడు. అడగకుండానే జాగా వదిలిన గౌరవస్థుడని ఆ కోవిల్‌పట్టి ఆయన ఫోటోను అందరికంటే పైన, పెద్దగా వేయించినాడు.

నాది వేయలేదు.