లిల్లీ పుట్టువెంట్రుకలు

ఆ రోజుల్లో మా గుంటూరు వైపు కుక్క అంటే వాకిట్లో పడుకుని, రాత్రి మొరిగి, పొద్దున చద్దన్నం తినేది. దానికి స్నానమంటే వానే. కుక్కకి దువ్వెన ఉంటుందని ఎవరైనా అంటే "ఏరా, ఎండదెబ్బ తగిలిందా?" అని అడిగేవాళ్ళు. అలాంటి కాలంలో, పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేరి, ఉద్యోగమింకా ఖాయం కాకుండానే నేనొక కుక్కకి తల దువ్వాను. తల అనడం కూడా సరికాదు. దానికి ముక్కు నుంచి తోక దాకా తలే.

అది మా మేనేజరుగారి భార్యది. ఆవిడ మద్రాసులో పెరిగిన తెలుగావిడ, పిల్లల్లేరు. నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి. (ఏమని పిలవాలో తెలియక నోటికొచ్చిన మాట అది.) జానెడు పొడుగున్న ఆ తెల్లకుక్క పేరు లిల్లీ. ఆవిడ పుట్టింటికి వెళుతూ దాన్ని నాకు అప్పగించింది. (కుక్క వెంట్రుక తగిలితే మేనేజరుగారికి ఆగని తుమ్ములు.) "నేను తిరిగొచ్చే రోజే ఇక్కడ కుక్కల పోటీ. రైలు దిగి నేరుగా అక్కడికే వస్తాను, నువ్వు తీసుకొచ్చెయ్. రోజూ దువ్వాలి. పాపిట ముక్కు మీంచి తోక దాకా తిన్నగా రావాలి. పాయలు తీసి కాగితాల్లో చుట్టాలి. నూనె తగలకూడదు. పుట్టిన దగ్గర్నుంచీ దీనికి కత్తెర తగల్లేదు, తెలుసా! మమ్మీకి టాటా చెప్పు లిల్లీ" అంది. మేనేజరుగారు నా భుజం తట్టి, "జాగ్రత్తోయ్, ఆవిడ సంతోషమే నీ ఉద్యోగం" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు.

మొదటి సాయంత్రమే పాలగిన్నె తోక దగ్గర పెట్టి, తాగడం లేదేమా అని బెంగపడ్డాను. పాపిట తీయబోతే దువ్వెన ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. తెల్లవారేసరికి నేను చుట్టిన కాగితాలన్నీ ఇల్లంతా పరుచుకుని ఉండేవి. మా నాయనమ్మ ఇదంతా చూసి, "నూనె లేని తలేంట్రా, దరిద్రం" అని విసుక్కునేది. కత్తెర తగల్లేదన్న మాట చెప్పినప్పుడు మాత్రం విసుగు మానేసి, "అయితే పుట్టువెంట్రుకలు తీయించలేదన్నమాట" అంటూ ఆలోచనలో పడింది. నేను పట్టించుకోలేదు.

అది మిరపకాయలు ఎండబెట్టే కాలం. ఒకనాడు లిల్లీ డాబా ఎక్కి, జుట్టుతో మిరపకాయలన్నీ ఊడ్చుకుంటూ తిరిగింది. ఇక చూడండి, తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. పాలు ముట్టదు. పశువుల డాక్టరు అటు తిప్పి ఇటు తిప్పి "గేదె అయితే చెప్పగలనండీ" అన్నాడు. నాయనమ్మ దాన్ని మజ్జిగతో కడిగి, కోటప్పకొండ ఉన్న దిక్కుకి తిరిగి దండం పెట్టి ఏదో మొక్కుకుంది. మర్నాటికి లిల్లీ గిన్నెడు పాలు తాగింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే క్షౌరం చేసే ఆయన పెట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"కోటయ్య స్వామికి కుక్క జుట్టేంటి నాయనమ్మా?" అని అరిచాను.

"భైరవుడి వాహనం ఏంట్రా మరి, గాడిదా? మొక్కుకుంది నేను, బతికింది అది. మధ్యలో నీ బాధేంటి?"

"నా ఉద్యోగం పోద్ది!"

"మొక్కు ఎగ్గొడితే దాని ప్రాణమే పోద్ది."

చివరికి బతిమాలుకుని, "ఆడపిల్లే కదా, మూడు కత్తెర్లతో సరిపెడదాం" అన్నాను. "సరే, నువ్వే వెయ్యి" అంది. నేనెందుకంటే, "మేనమామ వెయ్యాలిగా! ఆవిడ దీన్ని కూతురంటది. ఆవిణ్ణి నువ్వు అక్కయ్యగారంటావు. లెక్క నువ్వే చూసుకో" అంది. నేను బీకాం చదివాను. ఎటు నుంచి చూసినా లెక్క సరిపోయింది. లిల్లీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పొట్టకింద ఎవరికీ కనబడని చోట మూడు కత్తెర్లు వేసి, మిల్లు కూత వినబడితే పరుగెత్తాను.

సాయంత్రం వచ్చేసరికి వాకిట్లో ఎవరిదో బక్క జంతువొకటి, నెత్తిన గంధం పూసుకుని నా కాళ్ళకి చుట్టుకుంది. దాన్ని అవతలికి తోసి లిల్లీ కోసం మంచం కింద వెతికాను. అదీ నాతోపాటు వెతికింది. "పుట్టువెంట్రుకలంటే పూర్తిగా తియ్యాలిరా. మూడు కత్తెర్లు మేనమామ మర్యాద" అంది నాయనమ్మ, జుట్టు పసుపుగుడ్డలో మూటకడుతూ.

పోటీ రోజున షామియానా కింద కుక్కలన్నీ పౌడరు పూసుకుని, పాపిళ్ళు తీయించుకుని నిలబడ్డాయి. నేను ఒక చేత్తో తువ్వాల్లో లిల్లీని, రెండో చేత్తో దువ్వెనా రిబ్బనూ పట్టుకుని నిలబడ్డాను. ఆ రెండూ ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

"లిల్లీ ఏది?" అంది అక్కయ్యగారు వస్తూనే.

"ఇదేనండి."

"ఇది కాదు" అంది. ఆ గొంతు వినగానే అది తువ్వాల్లోంచి ఆవిడ మీదికి దూకింది. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరు చేశారిది?"

"మేనమామనండి" అన్నాను. ఆ తరువాత మిరపకాయలూ, మజ్జిగా, భైరవుడూ అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. ఉద్యోగం పోయిందని అర్థమయ్యాక నోరు దానంతటదే ఆగింది.

ఆవిడ ఆ గుండుని నిమిరింది. "దీన్ని కూతురంటే అందరూ చాటుగా నవ్వుతారు. మా ఆయన కూడా. నువ్వూ నవ్వుకునే ఉంటావు" అంది. నేను తల దించుకున్నాను. "మీ నాయనమ్మగారొక్కరే నిజమనుకున్నారు" అంది. కళ్ళు తుడుచుకుని, గంధం అలాగే ఉంచి, దాన్నెత్తుకుని వరసలోకి వెళ్ళింది. జనం గొల్లుమన్నారు. న్యాయనిర్ణేత వంగి చూసి ఇది ఏ జాతండీ అని అడిగితే, "మా అమ్మాయండీ. మొక్కు తీర్చుకుని వచ్చింది" అని అందరికీ వినబడేలా చెప్పింది.

బహుమతి రాలేదు. ఉద్యోగం మాత్రం ఖాయమైంది, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ కుర్రాడు గుర్తొస్తాడు, గుండు కుక్క ముందు దువ్వెన పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డవాడు. దగ్గరికి వెళ్ళి ఏదైనా సలహా చెబుదామనిపిస్తుంది. ఏం చెప్పాలో ఈ వయసులోనూ తోచడం లేదు.